రెండు కొమ్ముల డబ్బా

మా ఊరు రుద్రంగికీ చందుర్తికీ మధ్య, రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. మాకు ఫోను సిగ్నల్ ఇంటి మీద ఉండేది, ఇంట్లో ఉండేది కాదు. పాత పెంకుటింటికి ఆనుకుని ఒక స్లాబు గది ఉంది. బాపు మొదటిసారి గల్ఫ్ వెళ్లినప్పుడు పంపిన డబ్బుతో కట్టింది. ఆ స్లాబు మీదికి ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన తూర్పు ముఖంగా నిలబడితే మాట వినిపించేది. వీడియోలో మనిషి కనిపించేంత సిగ్నల్ అక్కడ కూడా లేదు.

శుక్రవారం బాపుకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అమ్మ, బాపమ్మ, నేను ట్యాంకు నీడలో ఒదిగి నిలబడేవాళ్లం. ముందు బాపమ్మ మాట్లాడేది. "తిన్నవా కొడుకా" అని మొదలుపెట్టి, "మంచిగ తిను కొడుకా" అని ముగించేది. తర్వాత అమ్మ. నా వంతు వచ్చేసరికి మాట్లాడటానికి ఏమీ మిగిలేది కాదు. మిగిలినా నాకు నోరు పెగిలేది కాదు. "చదువుతున్నవా బిడ్డా" అంటే "ఆఁ" అనేదాన్ని. అంతే. చెప్పాలనుకున్నది కిందికి దిగాక డైరీలో రాసుకునేదాన్ని.

బాపు కల్లు గీత వృత్తి చేసేవాడు. తాత తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లు అవే చెట్లు బాపు ఎక్కాడు. కల్లు తాగేవాళ్లు తగ్గారు, చెట్లూ తగ్గాయి. ఒకసారి గల్ఫ్ వెళ్లి స్లాబు గది కట్టించి వచ్చాడు. రెండోసారి వెళ్లినప్పుడు కంపెనీ జీతాలు ఆపేసింది. అడిగినవాళ్లను గదుల్లో నుంచి వెళ్లగొట్టింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. బాపు బయటికి వచ్చి దొరికిన పని చేసుకోవడం మొదలుపెట్టాడు. అలా కాగితాలు లేకుండా బతికేవాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. ఖల్లివల్లి అయినవాడు దొరికితే జైలు, దొరక్కపోతే దాక్కోవడం. అక్కడి ప్రభుత్వం ఎప్పుడైనా క్షమాభిక్ష ప్రకటిస్తే తప్ప ఇంటికి రాలేడు. "ఈ ఏడు పెడ్తరంటున్నరు" అని బాపు ప్రతి ఏడూ అనేవాడు.

ఇదంతా బాపమ్మకు తెలుసు. తెలిసినా ఆమెకు కావలసింది శుక్రవారం గొంతు వినిపించడం. మోకాళ్లు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగి, "వస్తున్న కొడుకా, పెట్టేయకు" అని మెట్ల మీద నుంచే కేకలు వేస్తూ ఎక్కేది.

ఒక వానాకాలం వాకిట్లో పాచి మీద జారి పడింది. తుంటి విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదని డాక్టరు చెప్పాడు. నడిమింట్లో మంచం వేశాం. ఆ తర్వాత ఆమె ప్రపంచం ఆ మంచం, దాని ఎదురుగా ఉన్న తలుపు, తలుపులోంచి కనిపించే వాకిలి ముక్క.

శుక్రవారాలు నేనూ అమ్మా ఎక్కేవాళ్లం. దిగి వచ్చి, "బాపు నిన్ను అడిగిండు, పాణం ఎట్లుందన్నడు" అని చెప్పేవాళ్లం. మొదట్లో తల ఊపేది. రానురాను మా ముఖాల్లోకి చూడటం మొదలుపెట్టింది.

"ఏమన్నడు? మళ్లొకపారి చెప్పు."

చెప్పేదాన్ని.

"గదే మాట పోయినవారం చెప్పినవు. వేరే ఏం అనలేదా?"

ఒక శుక్రవారం అమ్మ కిందికి దిగేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు బాపుకు పని దొరకడం లేదని తెలిసింది. బాపమ్మ ఆ కళ్లను చూసి ఇంకేదో అనుకుంది. ఆమె అనుకోవడానికి కారణం ఉంది. తుంటి విరగడానికి కొద్ది నెలల ముందే మా వాడకట్టు చివరింటికి పెట్టె వచ్చింది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్లు పెట్టెలో వస్తారు. ముఖం దగ్గర చిన్న అద్దం ఉంటుంది. ముట్టుకోనివ్వరు, అద్దంలోంచే చూడాలి. బాపమ్మ నన్ను పట్టుకుని వెళ్లి చూసింది. అద్దానికి లోపలి వైపు నీటి ఆవిరి పట్టి ఉంది. సగం మూసిన కళ్లు. ఆ ఇంటి అబ్బాయి చనిపోయాక కూడా చాలా రోజులు అతని తల్లికి చెప్పకుండా, "ఫోను చెడిపోయింది, మాట్లాడుతడు" అంటూ దాచారు. పెట్టె ఇంటి ముందుకు వచ్చినప్పుడే ఆమెకు తెలిసింది.

"మీరు గట్లనే దాస్తున్నరు" అంది బాపమ్మ మాతో.

"అత్తా, ఏం మాటలవి? నా మొగడు బతికుంటే నేను దాసుడేంది?" అంది అమ్మ.

"బతికుంటే చూపెట్టు."

బాపు పంపిన ఫొటో చూపించాం. చేత్తో తోసేసింది. చివరింటి అబ్బాయి భార్య ఇప్పటికీ ఫోనులో అతని వీడియోలు పెట్టుకుని చూస్తుంది. వాటిలో అతను నవ్వుతాడు, చేయి ఊపుతాడు, పిల్లవాణ్ని పేరు పెట్టి పిలుస్తాడు. బాపమ్మ అది చూసింది.

"ఫోన్ల నవ్వినంత మాత్రాన ఉన్నట్టా? నేనడిగితే జవాబియ్యాలె. నన్ను చూస్కుంట జవాబియ్యాలె. గప్పుడు నమ్ముత."

కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులతో స్లాబు మీదికి ఎక్కించాలని చూశాం. రెండో మెట్టు దగ్గరే నొప్పితో ఆమె పెట్టిన కేకకు పక్కిళ్లవాళ్లు వచ్చారు. ఎక్కించినా అక్కడ ముఖం కనిపించదని నాకు తెలుసు. కానీ నాకు ఇంకో దారి తోచలేదు.

దారి టీవీ కేబుల్ అతనితో వచ్చింది. అదే స్తంభాల మీదుగా ఇంటర్నెట్ తీగ కూడా లాగుతున్నాడు. ఇంట్లోకి తీగ, ఒక తెల్ల డబ్బా తాను ఇస్తానని, వైఫై డబ్బా మాత్రం మేమే కొనుక్కోవాలని చెప్పాడు. అమ్మ ఆ రోజంతా బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ ఏదో ఆలోచించింది. మర్నాడు పొద్దున్నే, "చీర మార్చుకున్న. నువ్వూ తయారుగా. కోరుట్ల పోదాం" అంది.

వైఫై గురించి నేను అప్పటికే చదివేశాను. నాకు కనిపించింది ఏదైనా చదవడం అలవాటు. మండల గ్రంథాలయం నుంచి తెచ్చే పుస్తకాలను తునికాకు సంచి వెనక పెట్టుకుని, అమ్మ ఇచ్చిన బీడీల కోటా చుట్టేశాక చదివేదాన్ని. బీడీ కన్నా పుస్తకం మీదే నా ధ్యాస అని అమ్మకు తెలుసు, ఎప్పుడూ అనలేదు. అందుకే ఏ డబ్బా కొనాలో నాకు తెలుసు. దుకాణంలో చెప్పలేకపోయాను. కౌంటరు అవతల నిలబడ్డ అతను నా వైపు చూసేసరికి నా చూపు గాజు కింద వరుసగా పెట్టిన చార్జర్ల మీదికి పోయింది.

"కొమ్ములెన్ని కావాలమ్మా? రెండా, నాలుగా?" అన్నాడతను. యాంటెన్నాలను అక్కడ అందరూ కొమ్ములనే అంటారు.

"నాలుగైతే ఏమైతది?" అంది అమ్మ.

"నాలుగైతే మీ వాడకట్టు అవతల దాకా కొడ్తది. ఎన్ని ఫోన్లు పెట్టినా ఆగది. రెండైతే ఇంటి మందం. గేటు దాకా అస్తది, గేటు దాటితే రాదు. నలుగురు వాడుకుంటే ఏం గాదు."

"మాకు మంచం దాకా అస్తె సాలు."

"మంచమా?"

"మా అత్త మంచం. కొడుకును చూస్తదట."

అతను ఇంకేమీ అడగలేదు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే కోరుట్లలో దుకాణం పెట్టుకున్నవాడికి ఆ మాట చాలు. అన్నిటికన్నా తక్కువ ధరది తీసి, దుమ్ము తుడిచి ముందు పెట్టాడు. "చదువుకున్న పిల్ల లెక్కున్నది, పెట్టుకుంటదా? మా మనిషిని పంపాల్నా?"

"పెట్టుకుంటది. దానికి అన్నీ ఎరుకే, నోరే లేదు" అంది అమ్మ. అతను నవ్వాడు. నేను డబ్బా అందుకున్నాను.

మా ఊరి మీదుగా పోయే వేములవాడ బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అట్టపెట్టె మీద ఒక కుటుంబం బొమ్మ ఉంది. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, అందరూ ఒకే సోఫా మీద కూర్చుని తలా ఒక పరికరం చూస్తున్నారు. ఒకే గదిలో ఉన్నవాళ్లకు అది ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక బాపమ్మ డబ్బాను చేత్తో తడిమింది. రెండు యాంటెన్నాలను పైకి లేపి చూసింది.

"ఏందే గిది, మేకపిల్ల లెక్క కొమ్ములున్నయి?"

"గిండ్లకెల్లే బాపు కనవడ్తడు."

"గీ డబ్బలున్నడా?" అంది. నవ్వుతోందా, ఏడిపిస్తోందా అనుకునేలోపే ముఖం గోడ వైపు తిప్పుకుంది.

వెంటనే పెట్టనివ్వలేదు అమ్మ. అమావాస్య దగ్గర పడింది, అది దాటాలంది. కేబుల్ అతను తీగ లాగి, తెల్ల డబ్బా గోడకు బిగించి వెళ్లాడు. మా డబ్బా ప్లాస్టిక్ కవరులోనే, దేవుడి గూట్లో ఎదురుచూసింది. ఆ రోజుల్లో నేను దానితో వచ్చిన చిన్న పుస్తకం చదివాను. ఎన్నో భాషల్లో ఉంది, తెలుగులో లేదు. ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టాలని, మందమైన గోడలు ఉంటే బలం తగ్గుతుందని, పరికరాలు ఎక్కువైతే వేగం తగ్గుతుందని ఇంగ్లీషులో రాసి ఉంది. నడిమింట్లో, మంచానికి ఎదురుగా ఉన్న గూడు సరిపోతుందని నిర్ణయించాను.

మంచిరోజు చూసి అమ్మ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టింది. నేను తీగ గుచ్చి స్విచ్ వేశాను. దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఒకటి ఎర్రగానే ఉండిపోయింది. డబ్బా అడుగున అతికించిన కాగితం మీద అంకెలున్నాయి. వాటిని ఫోనులో కొడితే ఒక పేజీ వచ్చింది. కేబుల్ అతను ఇచ్చిన పేరూ, పాస్‌వర్డూ అందులో పెట్టాను. తప్పని చెప్పింది. మళ్లీ పెట్టాను. మళ్లీ తప్పంది. పెద్ద అక్షరాన్ని చిన్న అక్షరంగా కొడుతున్నానని చివరకు తెలిసింది. ఎర్ర దీపం పచ్చగా మారింది.

"అయ్యిందా?" అంది అమ్మ.

"ఆఁ."

వైఫైకి ఏదైనా పేరు పెట్టమని ఆ పేజీ అడిగింది. పెడితే చుట్టుపక్కల అందరి ఫోన్లలో ఆ పేరు కనిపిస్తుంది. నా పేరు వాడకట్టు ఫోన్లలో కనిపించడం ఊహించుకోలేక, కంపెనీ పెట్టిన పొడి అక్షరాలనే ఉంచేశాను. మంచం మీద ఫోను పెట్టి చూశాను. గీతలు నిండుగా ఉన్నాయి. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నాకు ఆకలి వేసింది.

మా ఇంటి వాకిట్లో పొద్దంతా బీడీలు చుట్టేవాళ్లు కూర్చుంటారు. ఒంటరిగా ఎవరూ చుట్టరు. చాట పట్టుకుని ఏదో ఒక ఇంటి అరుగు మీదికి చేరతారు, ముచ్చట్లలో పని తెలియదు. వాళ్లలో చాలామంది ఇంట్లో మగవాళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు. పచ్చ దీపం వెలిగిన సంగతి ఆ సాయంత్రానికే అందరికీ తెలిసింది.

"వదినె, జెర మాకూ చెప్పు నంబరు. మా ఆయన మొఖం చూడక ఎన్నొద్దులాయె."

"చూసి ఏం చేస్తవే, ఉన్నప్పుడు తిడ్తివి!"

"ఫోన్లయితే తిట్టినా కొట్టడు గదా!"

అందరూ నవ్వారు. అమ్మ లోపలికి వచ్చి, పాస్‌వర్డు చెప్పమంది.

"అమ్మా, గీ డబ్బకు అందరు పెడితే ఆగదు. దుకాణంల చెప్పిండు గదా, నలుగురని."

"ఎట్ల పొమ్మంటమే? వాకిట్ల కూసున్నోళ్లు నీళ్లడిగితే లేవంటమా?"

ఒక్కొక్కరికీ చెప్పలేక అమ్మ దాన్ని అరుగు గోడ మీద సుద్దతో రాయించింది. నేనే రాశాను, పాల లెక్క గీతల పక్కన. ఆ వారమంతా మా వాకిలి జాతరలా ఉంది. ఒళ్లో చాట, చాట అంచుకు ఆనించిన ఫోను, ఫోనులో ఒక మగవాడి ముఖం. చేతులు ఆకు చుడుతూనే ఉండేవి, కళ్లు తెర మీద. "గా బనీనేంది, చినిగింది?" "పిలగాడు నీ లెక్కనే మొండిగున్నడు." "ఎప్పుడస్తవ్?" ఈ చివరి మాటకు మాత్రం వాకిలంతా ఒక్క క్షణం చప్పుడు తగ్గేది. బాపమ్మ మంచం మీద నుంచి తలుపులోంచి ఇదంతా చూసేది.

"అందరు కనవడ్తున్నరు. వాడేడి?"

"శుక్రవారం బాపమ్మా."

శుక్రవారం వచ్చింది. పొద్దున అమ్మ ఆమెకు తల దువ్వి, ఉతికిన చీర కట్టింది. దిండ్లు ఎత్తుగా పెట్టి ఆనించింది. బాపమ్మ నుదుట బొట్టు లేని చోట విభూతి పెట్టుకుంది. ఎవరి పెళ్లికో బయల్దేరుతున్నట్టు గంభీరంగా కూర్చుంది.

మన దగ్గర మధ్యాహ్నం దాటాక బాపు ఫోను వచ్చింది. నేను తెర మీద వేలు పెట్టాను. ఒకదాని మీద ఒకటి ఉన్న ఇనుప మంచాలు కనిపించాయి. తర్వాత బాపు. గడ్డం గీసుకున్నాడు. తనది కాని చొక్కా వేసుకున్నాడు. భుజాల దగ్గర జారిపోతోంది. చెంపలు లోపలికి పోయాయి. ఎక్కినప్పుడు తాటిచెట్టును కావలించుకున్న చేతులు ఇవేనా అనిపించింది. నేను ఫోనును బాపమ్మ ముఖం ముందుకు పట్టుకున్నాను.

"అవ్వా" అన్నాడు బాపు.

ఆమె చూసింది. రెండు చేతులతో నా మణికట్టును పట్టుకుని ఫోనును దగ్గరికి లాక్కుంది.

"కొడుకా? నువ్వేనా? ఇటు చూడు."

"నేనే అవ్వా. ఇటే చూస్తున్న..."

అక్కడే ఆగిపోయింది. శుక్రవారం ఒక్క బాపుకే కాదు సెలవు, అందరికీ సెలవే. వాకిట్లో ఉన్న ఫోన్లన్నీ ఆ వేళకే మాట్లాడుతున్నాయి. తెర మీద బాపు ముఖం రెప్ప వాల్చిన క్షణంలో నిలిచిపోయింది. కళ్లు సగం మూసి, నోరు కొద్దిగా తెరిచి, కదలిక లేదు, మాట లేదు.

"ఏందే? మాట్లాడుతలేడేంది?"

"ఆగు బాపమ్మా, అస్తది..."

ఉక్కపోతకు నా చెయ్యి చెమట పట్టి తెర మసకబారింది. ఆమె చీర కొంగుతో దాన్ని తుడిచింది. తుడిచి, ఇంకా దగ్గరికి చూసింది. ఆమె వేలు గాజు మీద, అతని మూసిన కళ్ల మీద ఆగింది. ఆమె ఏం చూస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. ఫోనును లాక్కోబోయాను, వదల్లేదు.

"అద్దంల ఉన్నడు" అంది మెల్లగా. "పెట్టెల పెట్టిండ్రు నా కొడుకును."

ఆ తర్వాత వచ్చిన శబ్దాన్ని నేను డైరీలో రాయలేకపోయాను. ఇప్పుడూ రాయలేను. "పెట్టెలనే అస్తివా కొడుకా, తాటిచెట్టెక్కితే పడుతవని దేశం తోలితి కొడుకా" అని రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. వాకిట్లో ఆడవాళ్లు చాటలు పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చారు. మా దగ్గర ఒకరు శోకం తీస్తే ఇంకొకరు ఎందుకని అడగరు, వచ్చి పట్టుకుని ఏడుస్తారు. ముందు ఏడుస్తారు, తర్వాత తెలుసుకుంటారు. ఒక పెద్దమ్మ బాపమ్మ మెడ చుట్టూ చేతులు వేసి శోకం అందుకుంది. ఇంకొకామె అమ్మను పట్టుకుంది. "ఏం గాలేదు, మా ఆయన బతికే ఉన్నడు, ఇడువుండ్రి" అని అమ్మ అరుస్తోంది. ఆ మాటనూ వాళ్లు ఏడుపుగానే విన్నారు.

వాకిట్లో మాటలన్నీ ఆగిపోయాయి కాబట్టే అనుకుంటాను, నా చేతిలో ఫోను కదిలింది. బాపు కనిపించాడు. ఇంతసేపూ ఆగింది అటు నుంచి వచ్చేది మాత్రమే. ఇటు మాట అటు పోతూనే ఉంది. కన్నతల్లి తన మీద తీస్తున్న శోకాన్ని అతను మొదటి నుంచీ వింటున్నాడు.

"అవ్వా! అవ్వా, నేను గిక్కడనే ఉన్ననే! బిడ్డా, అవ్వకు చూపెట్టు, జెర చూపెట్టు!"

చూపించాను. ఆడవాళ్ల మధ్యలోంచి చెయ్యి చాపి, ఆమె ముఖం దగ్గర పెట్టాను. ఆమె కళ్లు మూసుకుంది. తెరవలేదు.

ఆ తర్వాత చాలా ప్రయత్నించాం. వాకిట్లో అందరినీ బతిమాలి, శుక్రవారం మా వంతు అయ్యేదాకా ఫోన్లు పెట్టొద్దని అమ్మ చెప్పింది. వాళ్లూ ఒప్పుకున్నారు. ఒకామె నా ముందు చెంపలు వేసుకుంది. బాపు కనిపించేవాడు, ఆగకుండా మాట్లాడేవాడు. బాపమ్మ ఒకసారి చూసి మొహం తిప్పుకునేది.

"చివరింటి పిల్ల చూపెట్టలేదా? గా బొమ్మ గూడ మాట్లాడుతది, నవ్వుతది."

"అవ్వా, నాయిన పడ్డ చెట్టు ఏదో చెప్పాల్నా? ఒర్రె గట్టుపొంటి రెండోది. నువ్వు దాని మొదలుకు తల కొట్టుకున్నవు. యాదికున్నదా?" అన్నాడు బాపు.

"గది ఊరందరికి ఎరుకే" అంది ఆమె, నాతో. అతనితో కాదు.

ఆమె లెక్కలో అన్నీ సరిపోయాయి. మేం దాచింది నిజం. పెట్టెను ఇంటికి తేకుండా ఫోనులో చూపించాం. ఇప్పుడు పాత వీడియోలతో మాయ చేస్తున్నాం. కొన్నాళ్లకు పిట్టకు పెట్టాలని పట్టుబట్టింది. చనిపోయినవాళ్ల పేరున అన్నం వండి కాకులకు పెట్టడం అది.

"మూడొద్దులు దాటి ఎన్ని దినాలాయె? వాడు ఆకలితో తిరుగుతుండొచ్చు" అంది.

అమ్మ చేతిలో ఉన్న చాటను నేలకు కొట్టింది. ఆకూ పొగాకూ చెల్లాచెదురయ్యాయి. "నా పుస్తె మెడల ఉండంగ పిట్టకు పెట్టాల్నా? పెడితే నా మెట్టెలు గూడ నువ్వే తీస్తవా అత్తా?"

బాపమ్మ అమ్మ నుదుటి బొట్టును చూసింది. కోపంతో కాదు. అమాయకురాలిని చూసినట్టు చూసింది. "నీకింకా చెప్పలేదా పిల్లా" అంది.

ఆ రోజు అమ్మ ఏడ్చినట్టు, బాపు వెళ్లినప్పుడు కూడా ఏడవలేదు.

ఇదంతా బాపుకు చెప్పొద్దనుకున్నాం. అడిగి తెలుసుకున్నాడు. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"పోనియ్యిండ్రి" అన్నాడు చివరకు. "చచ్చిండనే అనుకోనియ్యిండ్రి. ఎదురుచూసుడన్న తప్పుతది."

తర్వాత అతని ఫోన్లు తగ్గాయి. వచ్చినప్పుడు కూడా ముఖం చూపించేవాడు కాదు. మాట మాత్రమే, స్లాబు మీద రోజుల్లోలాగే. క్షమాభిక్ష గురించి అనడం మానేశాడు. మేమూ అడగడం మానేశాం. వాకిట్లో ఆడవాళ్లు మళ్లీ మెల్లగా చాటలతో వచ్చి కూర్చున్నారు. వాళ్ల ఫోన్లలో వాళ్ల మగవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. వానకు అరుగు గోడ మీద సుద్ద చెరిగిపోతే నేను మళ్లీ రాశాను. బాపమ్మ తినడం తగ్గించింది. పళ్లెంలో మొదటి ముద్ద తీసి మంచం అంచున పెట్టేది. ఎవరి కోసమో మేం అడగలేదు. అమ్మ రోజూ చీమలు పట్టకముందే దాన్ని తీసేసేది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఆమె లేవలేదు.

కొడుకు రాలేడు. బాపు పెదనాన్న కొడుకు, వరసకు అన్న, నిప్పు పట్టడానికి ఒప్పుకున్నాడు. అమ్మ నన్ను పిలిచి, "మీ బాపుకు చూపెట్టు" అంది. ఫోను చేశాను. వెంటనే ఎత్తాడు. ఆ రోజు శుక్రవారం కాదు. పని దగ్గర ఎక్కడో గోడ చాటున నిలబడి ఉన్నాడు. తల మీద సిమెంటు దుమ్ము.

వాకిలి నిండా ఆడవాళ్లు ఉన్నారు. ఎవరి చేతిలోనూ ఫోను లేదు. వాడకట్టులో ఎవరూ చెప్పుకోకుండానే అందరూ బంద్ చేసుకున్నారని తర్వాత తెలిసింది. గూట్లో పచ్చ దీపం ఒక్క మా ఫోను కోసమే వెలుగుతోంది. బాపు ముఖం అంత స్పష్టంగా నేను ఎప్పుడూ చూడలేదు. కనుబొమ్మల మీది దుమ్ము కూడా కనిపించింది.

"జెర దగ్గరికి పెట్టు బిడ్డా" అన్నాడు.

బాపమ్మ ముఖం మీద పట్టుకున్నాను. స్నానం చేయించి, విభూతి పెట్టి పడుకోబెట్టారు. అతను చూశాడు. చూస్తూనే ఉన్నాడు. చేయి నొప్పి పుట్టినా దించలేదు నేను.

డప్పులు మొదలయ్యాయి. పాడె ఎత్తారు. నేను ఫోను పట్టుకుని పక్కనే నడిచాను. వాకిలి దాటాం. గేటు దగ్గర ఆగిపోయాను.

"ఇంకొంచెం ముందుకు పో బిడ్డా" అన్నాడు బాపు.

ముందుకు పోతే వైఫై రాదు. కింద సిమ్ము సిగ్నల్ కూడా లేదు. ఒక అడుగు వేశాను. పాడె వెనక నడుస్తున్న మనుషుల వీపులు, లేస్తున్న దుమ్ము, అంతవరకు పోయి ఉంటుంది అతనికి. అతని గొంతు తెగి తెగి వచ్చింది.

"కనవడ్తలేదు బిడ్డా... అవ్వ కనవడ్తలేదు..."

డప్పులు మూలమలుపు తిరిగాయి. నేను గేటులోపలికి ఒక అడుగు వెనక్కి వేశాను, అతను మళ్లీ కనిపించాలని. కనిపించాడు. చూపించడానికి నా దగ్గర ఖాళీ వీధి మాత్రమే ఉంది. దాన్నే అతనికి చూపిస్తూ నిలబడ్డాను.